బదిలీ ఆర్డర్ వచ్చిన ఎలక్ట్రాన్

బదిలీ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో నేను పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. మా ఆయనకు పాల్వంచ థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ. వారమంతా నాది బడి ఊళ్లో కిరాయి గది. శనివారం నేను ఇల్లు చేరే వేళకు ఆయన డ్యూటీకి పోతాడు, ఆయన ఇల్లు చేరే వేళకు నేను బస్సెక్కుతాను. నెలకు ఒక్క ఆదివారం ఇద్దరం కలిసి అన్నం తిన్నామంటే గొప్ప. నాలుగేళ్లుగా పాల్వంచ చుట్టుపక్కలకు బదిలీ అడుగుతూనే ఉన్నాను. ఖాళీ ఉన్న ఏడు కౌన్సెలింగ్ ఉండదు, కౌన్సెలింగ్ ఉన్న ఏడు ఖాళీ ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు కానీ నా విషయంలో ఆ దేవుడే ఇంకా నిద్ర లేవలేదు.

నా కోపం సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ముక్కు మీద ఉంటుంది. విద్యుదావేశం పాఠం చెప్పిన మర్నాటి నుంచీ పిల్లలు నన్ను చాటుగా 'ఆవేశం మేడం' అనేవాళ్లు. అది ధనావేశమా, రుణావేశమా అని వాళ్లలో వాళ్లకు వాదన కూడా జరిగిందట. నేను విననట్టే ఉండిపోయాను, ఎందుకంటే ఆ ఒక్క పాఠం మాత్రం వాళ్లకు బాగా పట్టిందని అర్థమైంది.

ఆ ఏడు ఎండాకాలం సెలవులిచ్చీ ఇవ్వగానే టీచర్లందరూ మూటా ముల్లే సర్దుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను సంచీ భుజాన వేసుకుని బడి గేటు దాటబోతుంటే హెడ్మాస్టరు వెనక్కి పిలిచాడు.

"మేడం, పదోతరగతి ఫెయిలైనోళ్లకు సప్లిమెంటరీ క్లాసులు పెట్టాల్నట. అందరూ సైన్సులోనే పోయిండ్రు. మీరు లేకుంటే ఎట్ల?"

"నా ఒక్కదాని మెడకే ఎందుకు సార్ చుట్టడం?"

"సైన్సు చెప్పేది మీరొక్కరే కదమ్మా" అన్నాడాయన. సంచీ మళ్లీ కిరాయి గదిలో పడేశాను.

క్లాసుకు వచ్చింది అయిదుగురు. నలుగురు పిల్లలు, వాళ్ల వెనక బెంచీలో ముప్పై దాటిన ఒక ఆడమనిషి. వాగు అవతలి గూడెంలో అంగన్‌వాడీ ఆయా ఆమె. ఏడో తరగతితో ఆగిన చదువును ఇద్దరు పిల్లల్ని కన్నాక మళ్లీ పట్టుకుంది. ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు కట్టి, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సోషల్ ఒక్కొక్కటే గట్టెక్కింది. అందరూ తన్నుకుని పడే లెక్కలు కూడా దాటేసింది. సైన్స్ ఒక్కటే మిగిలింది.

ఆ సైన్స్ ఆమెకు ఎందుకు కావాలో మొదటి రోజే చెప్పింది. గూడెం అంగన్‌వాడీ టీచరమ్మ ఆ ఎండాకాలం రిటైరై దిగిపోతోంది. వానలు పడ్డాక ఆ పోస్టుకు నోటిఫికేషన్ వస్తుంది. పదో తరగతి పాసైన మెమో చేతిలో ఉంటే ఆయా టీచరు కావచ్చు. లేకపోతే రోడ్డు మీది ఊళ్ల నుంచి ఇంకెవరో వస్తారు. గూడెం పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. వచ్చే మనిషికి వాళ్ల మాట రాదు, వాళ్లకు ఆమె మాట రాదు.

"నాకు డెబ్బయ్యి, ఎనబయ్యి వద్దు మేడం. ముప్పయ్యైదు రావాలె. గంతే" అంది.

"ముప్పై అయిదుకైనా చదవాలి కదా."

"సదువుత. జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తెల్లారకముందే అడవికి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పగించి, అక్కడి నుంచి అటే వాగు దాటి బడికి వచ్చేది. వచ్చేసరికి పదిన్నర. నేను పది గంటలకే చాక్‌పీసు పట్టుకుని కూర్చునేదాన్ని. ఆలస్యం అయినందుకు రోజూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె "అవ్ మేడం" అని చీరకొంగుతో మొహం తుడుచుకుని కూర్చునేది. పొద్దుటి నుంచీ ఏమైనా తిన్నదో లేదో నేను ఒక్కనాడూ అడగలేదు.

రసాయన బంధం పాఠం పరీక్షలో తప్పకుండా వస్తుంది. అందులోనూ సోడియం క్లోరైడ్ ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు నాలుగు మార్కులు. అందుకే మొదట దాన్నే పట్టుకున్నాను. బోర్డు మీద పెద్ద సున్నాలు గీసి చుక్కలు పెట్టాను. ఆమె బోర్డు వైపు చూసీ చూసీ, సంచీలోంచి గుప్పెడు చింతగింజలు తీసి బల్ల మీద పెట్టుకుంది. చాక్‌పీసుతో బల్ల మీదే సున్నాలు గీసుకుంది. గూడెంలో చిన్నపిల్లలకు ఒకట్లూ రెండ్లూ ఆ గింజలతోనే నేర్పుతుందట.

సోడియం పరమాణువులో పదకొండు ఎలక్ట్రాన్లుంటాయని చెప్పాను. లోపలి కక్ష్యలో రెండు, తర్వాతి దానిలో ఎనిమిది, బయటి కక్ష్యలో ఒకే ఒక్కటి. క్లోరిన్‌లో పదిహేడు. అవి రెండు, ఎనిమిది, ఏడు. బయటి కక్ష్యలో ఎనిమిది ఉంటే పరమాణువుకు స్థిరత్వం. సోడియం తన ఒక్కదాన్నీ వదులుకుంటే లోపలున్న ఎనిమిదే బయటి కక్ష్య అవుతుంది. ఆ ఒక్కదాన్నీ తీసుకుంటే క్లోరిన్‌కు ఏడు కాస్తా ఎనిమిదవుతాయి. దీన్నే ఎలక్ట్రాన్ బదిలీ అంటారని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను. ఇచ్చిన సోడియం ధన అయాన్, తీసుకున్న క్లోరిన్ రుణ అయాన్. ధనమూ రుణమూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడే అయానిక బంధం. అలా పట్టుకుని కూర్చున్నవే మనం కూరలో వేసుకునే దొడ్డుప్పు రవ్వలు.

ఆమె బల్ల మీద సోడియం సున్నాలోంచి ఒక గింజ తీసి క్లోరిన్ సున్నాలో పెట్టింది. పెట్టి, తల ఎత్తింది.

"ఇచ్చినోడు పోగొట్టుకున్నడు కద మేడం. ఆని కాడ ధనం ఎట్లుంటది?"

"ఎలక్ట్రాన్ ఉన్నదే రుణావేశంతో. లోపల పదకొండు ప్రోటాన్లు ధనంతో ఉన్నాయి. బయట రుణం ఒకటి తగ్గింది. అప్పుడు ఏది ఎక్కువ?"

"ధనం." ఆమె నవ్వింది. "అప్పు పోతే అదే పైస."

పిల్లలూ నవ్వారు. ఆ ఒక్క రోజు నాకు కూడా కాస్త ఉత్సాహం వచ్చింది. కానీ ఆమె అంతటితో వదిలే మనిషి కాదు.

"గది ఊకనే ఇస్తదా మేడం? తనంతట తానే?"

"ఇస్తుంది. 'సులభంగా కోల్పోతుంది' అని పుస్తకంలో ఉంది చూడు."

"ఎవలన్న గుంజకుంటే ఎవలు ఇస్తరు మేడం?"

నిజానికి ఆమె అడిగింది సరైన ప్రశ్న. సోడియం నుంచి ఆ ఒక్క ఎలక్ట్రాన్నూ లాగాలంటే శక్తి ఖర్చు పెట్టాలి. ఏ పరమాణువూ ఉత్త పుణ్యానికి వదలదు. ధన అయాన్లూ రుణ అయాన్లూ ఒకదాని పక్కన ఒకటి వరసగా సర్దుకున్నప్పుడు వెలువడే శక్తి, ఆ ఖర్చు కంటే ఎక్కువ. అందుకే ఉప్పు ఏర్పడుతుంది. ఇదంతా నేను డిగ్రీలో చదువుకున్నాను. కానీ పదో తరగతి పుస్తకంలో లేదు, పరీక్షలో రాదు, బయట ఎండ మండిపోతోంది. "అవన్నీ నీకెందుకు, ఉన్నది రాసుకో" అన్నాను.

రాసుకుంది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది.

"బదిలీ అంటే, మీరడుగుతున్నరు చూడుండ్రి మేడం, గదేనా?"

పిల్లలు బల్లల కింద మొహాలు దాచుకున్నారు. నా బదిలీ గోల ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. టెలిఫోన్ బూత్‌లో నిలబడి మా ఆయనతో గొంతు చించుకుని మాట్లాడేదాన్ని కదా. ఆమెకైతే ఆ మాటకు ఇంకో అర్థం ఉందని కూడా తెలియదు. వాళ్ల గూడానికి వచ్చే నర్సమ్మ బదిలీ మీద పోతుంది, ఫారెస్టు గార్డు బదిలీ మీద పోతాడు, బడి సార్లు వచ్చిన రోజు నుంచే బదిలీకి కాగితం పెడతారు. "అదే అనుకో" అన్నాను విసుగ్గా. ఆ మాట అన్నది నేనే. ఇది తర్వాత చాలా రోజులకు గానీ నాకు గుర్తుకు రాలేదు.

ఆ వారంలోనే కౌన్సెలింగ్ అని కబురొచ్చింది. మర్నాడు రాయమని పిల్లలకు స్లిప్ టెస్టు ప్రశ్నలిచ్చి, తెల్లవారుజామునే బస్సెక్కి ఖమ్మం వెళ్లాను. సీటు లేదు. కొత్తగూడెం దాకా నిలబడే ఉన్నాను. తీరా వెళితే గోడకు ఒక కాగితం అంటించి ఉంది. కౌన్సెలింగ్ వాయిదా. ఎప్పటికి వాయిదానో అందులో లేదు. నాలాగే వచ్చినవాళ్లు పది పదిహేను మంది ఆ కాగితాన్ని చదివి, ఇంకేమైనా రాసి ఉందేమోనని మళ్లీ చదువుతున్నారు. ఒకామె చంకలో పిల్లతో వచ్చింది. ఆమె ఏడ్చేసింది. నాకు ఏడుపు రాదు, కోపమే వస్తుంది. దాన్ని అలాగే పట్టుకుని అదే ఎండలో తిరుగు బస్సెక్కాను.

మర్నాడు బడికి వెళ్లేసరికి బల్ల మీద అయిదు స్లిప్ టెస్టు కాగితాలున్నాయి. పిల్లలవి నాలుగూ గైడులోంచి ఎత్తి రాసినవే, వాటిలోనూ సగం తప్పులే. ఆఖరుది ఆమెది. 'సోడియం క్లోరైడ్ ఏర్పడే విధానమును వివరింపుము' అని పైన రాసి, కింద ఇలా మొదలుపెట్టింది. 'సోడియం దగ్గర బయటి గదిలో ఒక ఎలక్ట్రాన్ ఒక్కతే ఉంటుంది. ఆమెకు అక్కడ ఉండబుద్ధి కాదు. క్లోరిన్ దగ్గర ఒక ఖాళీ ఉంది. బదిలీ ఆర్డర్ వచ్చిన తరువాత ఆమె పోయి క్లోరిన్‌లో జాయిన్ అవుతుంది.'

అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కతే ఉంటుందట. ఉండబుద్ధి కాదట. ఆ ఎలక్ట్రాన్ నేనే అనుకున్నాను. నేను బదిలీ కోసం ఖమ్మం పరుగెత్తిన సంగతి అప్పటికే ఊరంతా పాకి ఉంటుంది, ఈమె కాగితం మీద కూడా పెట్టిందని అనుకున్నాను. ఆ కింద ఇంకో పది లైన్లున్నాయి. నేను చదవలేదు. ఎర్ర పెన్ను తీసి ఆ చివరి నుంచి ఈ చివరికి అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత కొట్టాను. కాగితం చిరిగింది.

ఆమె అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నన్ను ఎగతాళి చేయడానికి వస్తున్నావా బడికి?"

"ఏంది మేడం?"

"ఇది సైన్సా, బస్టాండు ముచ్చటా? ఎలక్ట్రాన్‌కు ఆర్డర్ రావడమేంటి, జాయిన్ కావడమేంటి? పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తారు. దిద్దేది నాలాంటి వాళ్లే. ఇట్లాంటి చెత్త రాసి నాకు చెడ్డపేరు తేకు. రాకపోతే ఊరికే ఉండు."

పిల్లలు నలుగురూ తలలు వంచుకున్నారు. ఆమె కాగితం తీసుకుని, చిరిగిన చోట వేలితో సరిచేసి, నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

"తప్పయింది మేడం" అంది.

అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. గోడకు అంటించిన కాగితాన్ని నేనేమీ చేయలేను కాబట్టి, నా బల్ల మీదున్న కాగితాన్ని చింపాను. ఆ సాయంత్రమే నాకు మనసులో గుచ్చుకుంది. మర్నాడు ఒక మంచి మాట చెబుదామనుకున్నాను. కానీ మర్నాడు ఆమె మామూలుగానే వచ్చి కూర్చుంది, నేనూ మామూలుగానే ఉండిపోయాను. టీచరు తప్పు ఒప్పుకుంటే క్లాసు చేతిలో ఉండదని మా కాలంలో మాకు నేర్పారు, నేను అది నమ్మాను.

ఆ రోజు నుంచి ఆమె ప్రశ్నలు వేయడం మానేసింది. చింతగింజలు కూడా తేలేదు. నేను గైడులోని జవాబు చదివి రాయించాను. 'విజాతి ఆవేశములు గల అయానుల మధ్య స్థిర విద్యుదాకర్షణ బలముల వలన' అని పది సార్లు రాయమన్నాను. తలెత్తకుండా పది సార్లు రాసింది. బుద్ధి వచ్చింది, దారిలో పడిందని సంబరపడ్డాను.

పరీక్ష రోజు నేను పాల్వంచలో ఉన్నాను. మర్నాడు ప్రశ్నపత్రం చేతికొస్తే మొదట ఆ ప్రశ్న కోసమే వెతికాను. ఉంది. అచ్చంగా అదే. సోడియం క్లోరైడ్ ఏర్పడే విధానం, నాలుగు మార్కులు. మా ఆయనకు కూడా చూపించాను. "నీ ఆయా గట్టెక్కినట్టేనా?" అన్నాడు. "కళ్లు మూసుకుని రాసినా పాసవుతుంది" అన్నాను.

ఫలితాలొచ్చాయి. నలుగురు పిల్లల్లో ముగ్గురు పాసయ్యారు. ఆమె పోయింది. సరిగ్గా మూడు మార్కులు తక్కువ.

మొదట నాకు వచ్చింది జాలి కాదు, కోపమే. చేతిలో పెట్టినట్టు ప్రశ్న వస్తే రాయలేకపోయిందా అని. నెల రోజుల ఎండలు, నా సెలవులు, నా గొంతు, అన్నీ దండగ చేసిందని హెడ్మాస్టరు ముందు నోటికొచ్చినట్టు అన్నాను. వానలు పడ్డాక నోటిఫికేషన్ వచ్చింది. రోడ్డు మీది ఊరి నుంచి ఒక అమ్మాయి, పది పాసైంది, ఆ పోస్టులో చేరింది. ఆయా ఆయాగానే ఉండిపోయింది. పోస్టే పోయాక ఇంకా పరీక్ష ఎందుకని మళ్లీ ఫీజు కట్టలేదని పిల్లలు చెప్పారు. ఆ ఏడు నాకూ బదిలీ కాలేదు.

శ్రావణంలో అనుకుంటాను, బడి ఈడు పిల్లల లెక్క రాయమని మమ్మల్ని గూడేలకు పంపారు. వాగు అవతల నా వంతు పడింది. నాలుగేళ్లలో వాగు దాటడం నాకు అదే మొదటిసారి. అంగన్‌వాడీ ఒక పెంకుటింటి వరండా. కొత్త టీచరమ్మాయి బుద్ధిమంతురాలే. పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని ఏదో పాట చెబుతోంది. పిల్లలు ఆమె మొహంలోకి చూస్తున్నారు తప్ప నోరు తెరవడం లేదు. ఒకడు ఏడుస్తున్నాడు. పొయ్యి దగ్గర నుంచి ఆయా వాళ్ల భాషలో ఒక మాట అంది. ఏడ్చేవాడు ఊరుకున్నాడు, మిగతావాళ్లు చేతులెత్తి ఆ అమ్మాయి చేస్తున్నట్టే చేయడం మొదలుపెట్టారు. ఆమె మళ్లీ పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది.

నన్ను చూసి లేచి, పీట వేసింది. పప్పు ఉడుకుతోంది. లెక్క రాసుకుని వెళ్లిపోవచ్చు. కానీ ఫలితాలొచ్చినప్పటి నుంచీ ఆ ఒక్క సంగతి నన్ను తొలుస్తూనే ఉంది.

"ఉప్పు ప్రశ్న వచ్చింది కదా. రాశావా?"

"లే మేడం."

"పది సార్లు రాయించాను కదా."

"పుస్తకంల మాటలు యాదికి రాలే. స్థిర విద్యు... ఏందో, గది నోరే తిరగలే. జాగ ఇడిసిపెట్టిన."

"ఒక్క ముక్క కూడా రాలేదా?"

"వచ్చింది మేడం" అంది, గరిటె తిప్పుతూ. "సోడియం కాడ పదకొండు. రెండు, ఎనిమిది, ఒకటి. క్లోరిన్ కాడ పదిహేడు. రెండు, ఎనిమిది, ఏడు. ఆ ఒక్కదానికి బదిలీ అయితది. ఊకనే పోదు, గుంజాలె, గుంజుడు కష్టమే. పోయి క్లోరిన్ల జాయినయితది. ఇచ్చినోడు ధనమైతడు, తీసుకున్నోడు రుణమైతడు. ధనం రుణం ఒకటినొకటి గుంజుకుంటయ్. గుంజుడుకు పడ్డ కష్టం కన్న, రెండు ఒక్కకాడ పడ్డంక నిమ్మలం ఎక్కువ. అందుకే ఇడిసిపోవు. గట్ల అయితది ఉప్పు. ఇదే రాసిన మేడం అప్పుడు, మీకిచ్చిన కాగితంల."

నేను వాల్యుయేషన్‌కు వెళ్లే మనిషిని. నా తలలో మార్కులు వాటంతటవే పడుతున్నాయి. ఎలక్ట్రాన్ విన్యాసానికి ఒకటి. బదిలీకి ఒకటి. అయాన్లకు ఒకటి. ఆకర్షణకు ఒకటి. నాలుగుకు నాలుగు. పుస్తకం చెప్పని, నేను కూడా చెప్పకుండా దాటేసిన సంగతి కూడా అందులో ఉంది. నేను చదవని ఆ పది లైన్లలో ఉన్నది ఇది.

అప్పుడైనా తప్పు నాదని చెప్పి ఉండాల్సింది. నా నోట్లోంచి మళ్లీ కోపమే వచ్చింది.

"ఇదే రాసి ఉంటే పాసయ్యేదానివి. ఇంత వచ్చి కూడా పేజీ ఖాళీగా వదిలేసి వస్తారా ఎవరైనా?"

ఆమె పప్పు గిన్నె దించి, చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పిల్లలకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది.

"మీరు అడ్డం కొట్టిండ్రు కద మేడం. తప్పేమో అనుకున్న. నాకు వచ్చని నాకెట్ల ఎరుక? మీరు చెప్తెనే గద."